విలుకాని కన్ను

ఆదవాని పట్టణమును దూరమునుండి చూచువారికి మొదట కనబడునవి కొండలు. గుండ్రని పెనురాళ్లను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ గుట్టలమీద పాతకోట గోడలు నేటికిని నిలిచియున్నవి. అచ్చటికి ఈశాన్యదిక్కున కొంతదూరములో ఎమ్మిగనూరు ఉన్నది. అది మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము ఆ ఊరిపేరును దేశమంతట వినిపించెను. ఏటేట పుష్యమాసమున అచ్చట నీలకంఠేశ్వరుని జాతర జరుగును. పల్లెలనుండి ఎద్దులబండ్లు కట్టుకొని రైతులు వచ్చి, స్వామి రథమును చూచి, కోడెలను బేరమాడి, పిల్లలకు ఆటవస్తువులు కొనిపెట్టి మరలిపోవుట తరతరముల ఆచారము.

ఈ రెండు ఊళ్ల చుట్టునుగల పల్లెలలో బోయలు అధికసంఖ్యలో ఉన్నారు. ఒకనాడు వీరు వేటగాండ్రు, విలుకాండ్రు, పాళెగాండ్ర కొలువులలో కాల్బలము. నేడు వీరిలో పెక్కురు సేద్యము చేయుచున్నారు. ఉపాధ్యాయులును ఉద్యోగులును కలరు. వీరు తమవారని చెప్పుకొను పేర్లు ముఖ్యముగా రెండు. ఒకటి వాల్మీకి, రెండవది కన్నప్ప. ఈ ప్రాంతము 1953 వరకు బళ్లారి జిల్లాలో చేరియుండెను. అందుచేత ఇచ్చట తెలుగును కన్నడమును పక్కపక్కనే వినబడును. తెలుగువారి తిన్నడే కన్నడమువారికి బేడర కన్నప్ప.

కన్నప్పకథ తెలియని తెలుగువాడు లేడు. పిల్లలు పాఠ్యపుస్తకములలో చదివిరి. పెద్దలు పురాణకాలక్షేపములలో వినిరి. కాని మనము ఆ కథను ఎల్లప్పుడును చివరినుండి చదువుదుము. కన్ను పెకలించుకొన్న ఘట్టమునే తలచుకొని, దానికి ముందు ఆ మనుష్యుడు ఏమి చేయుచుండెనో మరచిపోవుదుము. ఆయన విలుకాడు. బాల్యమునుండి వింటిని సాధించి, వేటకై తన చేతిని, కాలిని, చూపును తీర్చుకొన్నవాడు. ఆ సాధనను తెలిసికొన్ననే గాని ఆయన ఇచ్చినదాని విలువ తెలియదు. ఆ దృష్టితో ఆయన చరిత్రమును ఒకమారు చూతము.

కన్నప్ప ఏ సంవత్సరమున జన్మించెనో శాసనములు చెప్పవు. కాని ఆయన ఎంత ప్రాచీనుడో ఊహించుటకు ఆధారము కలదు. ఏడవ శతాబ్దివాడైన తిరుజ్ఞానసంబంధుడు కాళహస్తిని గానము చేయుచు ఈ వేటగాని భక్తిని స్మరించెను. అనగా పదమూడు వందల యేండ్ల క్రిందటనే ఈ కథ ప్రసిద్ధమై యుండెను. పండ్రెండవ శతాబ్దిలో చోళరాజైన రెండవ కులోత్తుంగుని కాలమున శేక్కిళారు పెరియపురాణములో దీనిని విపులముగా రచించెను. పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో చెప్పెను. పదునారవ శతాబ్దిలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథకు పెద్దచోటు ఇచ్చెను. కథలో వివరములు కవికొక విధముగా మారినను, అడవి, విల్లు, కొండ, కన్ను అను నాలుగును మారలేదు. ఇచ్చట చెప్పబోవునది ఆ కవులు మనకు మిగిల్చిన జీవితమే.

తిన్నని జన్మస్థలము పొత్తపినాటిలోని ఉడుమూరు. తమిళమున దానిని ఉడుప్పూరు అందురు. పొత్తపి అను గ్రామము కడపసీమలో నందలూరు దాపున నేటికిని ఉన్నది. ఆదవాని బోయలకును ఆ సీమకును నడుమ దూరమున్నను, రెండును రాయలసీమలోనివే. రాతికొండలు, ముండ్లపొదలు, వానకై ఎదురుచూచు నేలలు రెండుచోట్లను ఒకటే. తిన్నని తండ్రి బోయలదొర. శేక్కిళారు ఆయనను నాగడనియు, తల్లిని తత్తయనియు పేర్కొనెను. ధూర్జటి కావ్యమున వారి పేర్లు నాథనాథుడు, తందె. చాలకాలము సంతానములేక, దేవునికి మ్రొక్కుకొనగా పుట్టినవాడు ఈ కొడుకు. పుట్టినప్పుడే బరువుగా, దిట్టముగా ఉండుటచే తిన్నడని పేరు పెట్టిరని శేక్కిళారు చెప్పెను.

బోయపల్లెలో బాలుని ఆటలు వేరుగా నుండవు. కుక్కపిల్లలతో పరుగెత్తుట, పొదలలో దూరుట, అడుగుజాడలు గుర్తించుట, వెదురుబద్దకు నారకట్టి చీపురుపుల్లలు విసరుట, ఇవియే మొదటి పాఠములు. నల్లమల చెంచుపిల్లలును ఇట్లే చిన్నవిండ్లతో ఆడుకొనుచు పెరుగుదురు. బడి అని వేరుగా లేకపోయినను, అది చదువు కాదనుటకు వీలులేదు. గాలి ఎటు వీచుచున్నదో చెక్కిలితో తెలిసికొనుట, ఎండుటాకుపై అడుగు పడినపుడు చప్పుడు కాకుండ బరువును మెల్లగా దింపుట, పక్షి ఏల అరచెనో ఆలోచించుట, వీనిలో ఏ ఒక్కటి తప్పినను వేటగానికి ఆనాడు పస్తే.

తగిన ఈడు వచ్చినపిమ్మట తండ్రి కొడుకునకు విలువిద్య ఆరంభింపజేసెను. చుట్టుపట్ల దొరలను పిలిచి, విందులు చేసి, వింటికి పూజలు జరిపి, ఆరితేరిన గురువులకు ఆయన బాలుని అప్పగించెను. మన ఇండ్లలో అక్షరాభ్యాసము ఎంత శుభకార్యమో, ఆ పల్లెలో విల్లు పట్టించుటయు అంతటి శుభకార్యమే.

ఆ సాధన ఎట్టిదో తెలిసికొనుటకు మన ధనుర్వేద గ్రంథములు తోడ్పడును. అగ్నిపురాణమున విలుకాడు నిలువవలసిన తీరులు చెప్పబడినవి. కుడికాలు ముందునకు చాచుట ఒకటి, ఎడమకాలు చాచుట మరియొకటి. కాళ్లు సమముగా నుంచుట, వెడల్పుగా నుంచుట, మోకాళ్లు వంచుట మున్నగునవి ఇంకను కొన్ని. వాసిష్ఠ ధనుర్వేదము లక్ష్యములను నాలుగు విధములుగా విభజించినది. విలుకాడును లక్ష్యమును రెండును కదలకుండుట స్థిరము. విలుకాడు నిలిచియుండగా లక్ష్యము కదలుట చలము. లక్ష్యము నిలిచియుండగా విలుకాడు కదలుచు కొట్టుట చలాచలము. ఇద్దరును కదలుచుండుట ద్వయచలము. శిష్యుడు మొదటిదానిలో కుదిరినపిదపనే రెండవదానికి పోవలెను. నాలుగవదానిలో కుదిరినవాడు అరుదు. అడవిలో వేటగానికి ఎదురగునది తరచుగా ఆ నాలుగవదే.

ఇక కొండప్రదేశము తెచ్చిపెట్టు చిక్కులు వేరు. ఆదవాని కోటగుట్టను ఎక్కినవారికి ఇది తేలికగా బోధపడును. పైనున్న బండమీది లక్ష్యము ముప్పది మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. కంటికి తోచు ఆ దూరమునే నమ్మి సమతలమున అలవాటైనట్లు విల్లెత్తినచో, బాణము గురికి మీదుగా పోవును. కారణమేమనగా, భూమి బాణమును క్రిందికి లాగుటలో లెక్కకు వచ్చునది ముఖ్యముగా సమతల దూరము. వాలు ముప్పది డిగ్రీలైనచో, ఏటవాలున ముప్పది మీటర్లు సమతలమున ఇరువదియారు మీటర్లే. క్రిందిలోయలోని లక్ష్యమునకును ఇదియే న్యాయము. పైకి కొట్టినను, క్రిందికి కొట్టినను, విల్లును ఎత్తవలసినది తక్కువ. ఈ లెక్కను మనము నల్లబల్లమీద త్రిభుజము గీచి నేర్చుకొందుము. కొండబోయ వందలకొలది బాణములు పోగొట్టుకొని, వెదకి తెచ్చుకొని, భుజముతో నేర్చుకొనును.

కదలు జంతువు విషయము ఇంకను కష్టము. పాతకాలపు కొయ్యవింటినుండి వెడలిన బాణము సెకనునకు సుమారు నలువదియైదు మీటర్లు పోవుననుకొన్నచో, ముప్పది మీటర్లు దాటుటకు దానికి సెకనులో మూడింట రెండువంతులు పట్టును. ఆ కొద్దికాలములో తీరికగా నడచుచున్న జింకయైనను ఒక మీటరు ముందుకు సాగును. గుండెకు గురిపెట్టిన బాణము కడుపులో నాటుకొనును. అంతేకాదు, అల్లెత్రాటి చప్పుడు బాణముకంటె ఎంతో ముందుగా, సెకనులో పదవవంతు గడువకమునుపే, జంతువు చెవిని చేరును. అది ఉలికిపడి ఒడలు వంచును. కావున వేటగాడు దూరమును జయింపజూడడు, దూరమును తగ్గింపజూచును. ప్రాకుచు, కూర్చుండుచు, చెట్టుచాటున ఒంటిమోకాలిపై నిలుచుచు ఇరువది అడుగులవరకు చేరును. అచ్చటినుండి కొమ్మల సందున, వంగిన నడుముతో, విల్లు అడ్డముగా పట్టి కొట్టవలసియుండును. నిటారుగా నిలిచి కొట్టుట మాత్రమే నేర్చినవాడు అడవిలో అక్కరకు రాడు.

అమెరికాదేశమున ఇరువదవ శతాబ్దిలో జరిగిన ఒక సంగతి దీనిని చక్కగా తెలుపును. కాలిఫోర్నియా కొండలలోని యాహి తెగలో కడపటివాడు ఒకడు 1911లో నాగరికులకు కనబడెను. అతనిని ఇషి అని పిలిచిరి. శాక్స్టన్ పోప్ అను వైద్యుడు అతనితో స్నేహముచేసి విలువిద్య నేర్చుకొనెను. పందెముల పద్ధతిలో దూరపు గుండ్రని గురిని కొట్టుటలో ఇషి గొప్పవాడు కాడు. కాని పొదలలో ఒదిగి, మోకాళ్లు వంచి కూర్చుండి, దగ్గరనుండి చిన్న లక్ష్యమును కొట్టుటలో అతనికి సాటిలేదు. ఓపిక, నిశ్శబ్దము, దగ్గరకు చేరుట, ఇవియే అతని విద్యలో ముప్పాతికపాలు. ఇషి 1916లో మరణించెను. పోప్ తాను నేర్చినది 1923లో గ్రంథముగా ప్రకటించెను. ఆధునికుల వింటివేటకు ఆ గ్రంథమే నాంది యైనది.

ఇంత కష్టసాధన ఎందులకు? మెప్పుకొఱకు కాదు. బాణము తుపాకిగుండు వంటిది కాదు. అది దెబ్బతోనే జంతువును పడవేయదు. రక్తము పోవుటచేత చంపును. గుండెకో ఊపిరితిత్తులకో తగిలినచో కొద్దిసేపటిలో ప్రాణము పోవును. తప్పి కడుపునో తొడనో తగిలినచో ఆ మృగము పొదలలో పడి గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు దినములతరబడి బాధపడి చచ్చును. వేటగానికి మాంసమును దక్కదు. ఆ బాధకు కారకుడైన పాపము మాత్రము మిగులును. కాబట్టి మంచి వేటగాని సాధనలో సగము బాణము వదలుటకు. తక్కిన సగము వదలకుండుటకు. గురి నిశ్చయము కానపుడు ఎక్కుపెట్టిన బాణమును దింపుకొనుట కూడ విద్యయే.

మన ఇతిహాసములలో ఈ నియమము తప్పినవారు వేటకులమువారు కారు, రాజులు. దశరథుడు శబ్దవేధి నేర్చినవాడు. కంటికి కనబడని లక్ష్యమును చప్పుడునుబట్టి కొట్టుట విలువిద్యలో మిక్కిలి కష్టమైన పని. ఆ నేర్పు తనకున్నదను గర్వముతో, సరయూతీరమున చీకటిలో కడవ మునుగు చప్పుడు విని ఏనుగని భ్రమించి బాణము వేసెను. నేలకొరిగినది గ్రుడ్డితలిదండ్రుల ఏకైకపుత్రుడు. గురి తప్పలేదు, చూపు తప్పినది. పాండురాజు జింకలజంటపై వేసిన బాణమును ఇట్టిదే. క్రౌంచపక్షిని కూల్చిన నిషాదుని బాణమును చూచి శోకించిన హృదయమునుండియే రామాయణము పుట్టినది. ఆ కవిని బోయలు తమవాడని చెప్పుకొనుచున్నారు. అడవిబాధ అడవిలోనివానికే ముందుగా తెలిసెనని దీనికి అర్థము చెప్పుకొనవచ్చును.

తిన్నడు ఈ విద్యలన్నిటిలో కుదిరి పదునారేండ్ల ప్రాయమునకు వచ్చెను. అప్పటికి తండ్రి ముదుసలి. వేట సాగకపోవుటచే మృగములు పెరిగి కొండచేలను పాడుచేయుచున్నవని జనులు మొరపెట్టుకొనిరి. ఆదవాని, ఆలూరు నల్లరేగడి చేలలో కృష్ణజింకల మందలు పడినపుడు రైతు పడు కష్టము తెలిసినవారికి ఈ మొర క్రొత్తది కాదు. దొరతనమును కొడుకునకు అప్పగించి, తండ్రి అతనిని తొలివేటకు పంపెను. ముదుసలియైన దేవరాలు వచ్చి దీవించెను. కుక్కలు, వలలు, డప్పులు, వందలకొలది విండ్లు వెంటరాగా తిన్నడు అడవిలో ప్రవేశించెను.

ఆ వేటను వర్ణించుచు శేక్కిళారు ఒక విశేషమును చెప్పెను. ఆ బోయలు ఏనుగుగున్నలను తరుమలేదు. మృగముల చిన్నికూనలను చంపలేదు. చూలుతో అడుగు తడబడు వానిని బాధింపలేదు. వల పన్ని, డప్పు కొట్టి, కుక్కలను వదలిన సంరంభములో కూడ ఈ మూడు హద్దులను దాటకుండుటకు ఎంత చూపు కావలెనో ఆలోచింపుడు. పరుగెత్తు మందలో చూలుదానిని చూలు కానిదానినుండి క్షణములో వేరుపరచవలెను. వేలుకొసనుండి బాణము జారకముందే మనస్సు తీర్పు చెప్పవలెను. ఇది విలువిద్యలో మిక్కిలి కష్టమైన లక్ష్యము. దీనిని ఏ ధనుర్వేదమును నాలుగు తరగతులలో చేర్చలేదు.

ఆనాడు ఒక అడవిపంది వలలు తెంచుకొని పారిపోయెను. తిన్నడు దానిని వెంబడించెను. అతనితో పరుగెత్తగలిగినవారు నాణుడు, కాడుడు అను ఇద్దరే. పంది చాలదూరము పరుగెత్తి అలసి ఒక చెట్టుచాటున ఆగెను. తిన్నడు బాణము వేయలేదు. దగ్గరకు పోయి చురకత్తితో ఒక్కవ్రేటున కూల్చెను. కవి ఇట్లేల చెప్పెనో తెలియుటకు వేటగాని న్యాయము చాలును. దగ్గరకు చేరగలిగినవానికి దూరపుబాణముతో పనిలేదు.

ఆకలిదప్పులు కలిగినవి. దాపున పొన్ముకలి, అనగా మన సువర్ణముఖి, ప్రవహించుచుండెను. దానికి ఆవల కాళహస్తికొండ. కాడుని నిప్పు రాజవేయుమని దిగువన విడిచి, నాణునితో తిన్నడు కొండయెక్కెను. పైన లింగరూపమున శివుడు ఒంటరిగా ఉండెను. అంతవరకు ఏ శాస్త్రమును చదువని ఆ యువకునకు ఒక్కటే తోచెను: పులులు, ఎలుగులు తిరుగు అడవిలో ఈయనకు తోడెవ్వరును లేరు, అన్నము పెట్టువారు లేరు. ధూర్జటి తిన్నడైతే శివుని తన ఉడుమూరునకు రమ్మని పిలిచి, అచ్చట దొరకు వేటమాంసములను, తేనెలను, పండ్లను చెప్పి బ్రతిమాలెను. బంధువును ఇంటికి పిలుచు పల్లెవాని మాటతీరు అది.

అతడు దిగివచ్చి మాంసమును కాల్చి, మెత్తని ముక్కలను రుచిచూచి ఏరి, దొప్పలో పెట్టెను. అభిషేకమునకు నీరు తేవలెను. చేతులలో విల్లును మాంసమును ఉన్నవి. నోటితో పుక్కిలించి పట్టుకొనెను. పూలను జుట్టులో తురుముకొనెను. చేతినుండి విల్లు దింపకపోవుట మూఢత్వము కాదు. అడవిలో విల్లు దింపినవాడు తనను తానే కాపాడుకొనలేడు. ఇక దేవునినెట్లు కాపాడును? రాత్రియంతయు విల్లెక్కుపెట్టి లింగమునకు కావలి కాచెను. తన విద్య అంతటితో అతడు చేసిన మొదటి అర్చన ఆ కావలియే.

ఉదయమున వేటకు పోగానే శివగోచరియారు అను అర్చకుడు వచ్చి, మాంసమును ఎముకలను చూచి వెఱచి, శుభ్రపరచి, శాస్త్రోక్తముగా పూజించి పోవుచుండెను. తిన్నడు వచ్చి ఆ పూలను కాలితో తొలగించి తన నైవేద్యమును పెట్టుచుండెను. ఇట్లు కొన్నిదినములు జరిగినవి. ఇచ్చట అర్చకుని పరిహసించుట తగదు. ఆయనయు భక్తుడే. ఎవరో చేసిన అపచారమునకు ఆయన పడిన వేదన నిజమైనది. తండ్రి వచ్చి పిలిచినను తిన్నడు మరలలేదు. దొరతనము, ఊరు, ఆస్తి అన్నియు అప్పటికే అతని మనస్సునుండి జారిపోయినవి. మిగిలినది విల్లు ఒక్కటే.

అర్చకునకు శివుడు కలలో కనబడి, దాగియుండి చూడుమని ఆజ్ఞాపించెను. ఆనాడు తిన్నడు వచ్చుసరికి స్వామి కుడికంటినుండి రక్తము కారుచుండెను. అప్పుడు అతడు చేసిన పనుల వరుసను గమనింపుడు. మొదట వేటగాడు చేయవలసినదే చేసెను. విల్లందుకొని, ఈ గాయము చేసినది శత్రువో మృగమో యని కొండ నాలుగువైపుల వెదకెను. రక్తపుజాడను పట్టి గాయపడిన జంతువును చేరుకొనుట అతని వృత్తి. నేడు జాడ ఎచ్చటికిని పోవుటలేదు. రెండవది, మూలికలు తెచ్చి పిండెను. అడవివైద్యము పనిచేయలేదు. మూడవది, కంటికి కన్నే మందని పెద్దలు చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చెను. అంబులపొదినుండి బాణము తీసి, దాని మొనతో తన కన్ను పెకలించి స్వామికి అతికెను. రక్తము ఆగెను. సంతోషముతో నృత్యము చేసెను. అంతలో రెండవకన్ను కారసాగెను. మందు తెలిసినవానికి భయమెందులకు? తన రెండవకన్ను తీసినపిమ్మట చోటు గుర్తుపట్టుట కష్టమని తలచి, ఆనవాలుగా తన పాదమును స్వామికంటి దగ్గర ఉంచి, మరల బాణమెత్తెను. శివుడు చేయి చాచి ఆ చేతిని పట్టుకొని వారించెను. నాటినుండి తిన్నడు కన్నప్ప యైనాడు.

మనము సాధారణముగా దీనిని ఒక అవయవమును ఇచ్చుటగా చదువుదుము. కాని ఇచ్చినవాడు విలుకాడు. విలుకానికి కన్ను అవయవము మాత్రమే కాదు. అది అతని విద్య, అతని వృత్తి, అతని దొరతనము. మొదటికన్ను పోయినపుడే దూరమును కొలుచు శక్తి తగ్గును. చిన్ననాటినుండి భుజము నేర్చిన లెక్కలన్నియు తారుమారగును. రెండవకన్ను పోయినచో ఇక విల్లే లేదు. ద్రోణుని పరీక్షలో అర్జునుడు పక్షికన్ను తప్ప మరేమియు చూడలేదని మనము పిల్లలకు చెప్పుదుము. దీపము ఆరినను చేయి నోటికి పోవుట గమనించి అతడు చీకటిలో సాధనచేసెననియు చెప్పుదుము. ఏకలవ్యుడు అడిగిన గురువునకు బొటనవ్రేలు ఇచ్చి విద్యను పోగొట్టుకొనెను. తిన్నని ఎవ్వరును అడుగలేదు. ఏ చేతితో, ఏ బాణముతో, ఏ నిబ్బరముతో ఇన్నాళ్లు గురిపెట్టెనో, వానితోనే ఆ విద్యకు మూలమైనదానిని తీసి ఇచ్చెను. చేయి వణకకపోవుట సాధనవలన వచ్చినది. ఇవ్వవలెనని తోచుట ప్రేమవలన వచ్చినది.

ఆ వేటగానికి లోకము గౌరవము తక్కువచేయలేదు. శ్రీకాళహస్తిలో ఆలయము ప్రక్కనున్న గుట్టను కన్నప్పకొండ యందురు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవములలో తొలి ధ్వజారోహణము నేటికిని ఆ కొండమీదనే జరుగును. అనగా స్వామికంటె ముందుగా భక్తునకు పూజ. 1954లో ఇదే కథ కన్నడమున బేడర కన్నప్పగను, తెలుగున కాళహస్తి మహాత్మ్యముగను చిత్రములై వెలువడెను. రెండింటను నాయకుడు రాజకుమారే. 1976లో బాపు దర్శకత్వమున భక్త కన్నప్ప వచ్చెను. ఇరుభాషల నడుమనున్న ఆదవాని సీమలో ఆ కథ ఏ భాషలో విన్నను ఇంటికథయే.

వేట నేడు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు. కాని కష్టలక్ష్యముల సాధన అంతరింపలేదు. ఒలింపిక్ క్రీడలలో డెబ్బది మీటర్ల దూరమున, సమతలముపై, కదలని గురిని కొట్టుదురు, అది స్థిరలక్ష్యము. ఇంకొక పోటీలో కొండలు, లోయలు, పొదల నడుమ జంతువుల బొమ్మలను నిలిపి, దూరమెంతో చెప్పకయే కొట్టింతురు. వాలును, నీడను, గాలిని విలుకాడే లెక్కించుకొనవలెను. తిన్నని గురువులు నేర్పిన పాఠములే అవి. రక్తము మాత్రము లేదు.

ఆదవాని, ఎమ్మిగనూరు పాఠశాలలలో కన్నప్పకథ చెప్పునప్పుడు ముందు కూర్చున్న పిల్లలలో బోయబిడ్డలు ఉందురు. వారి పూర్వులు మూఢులు గాని, కరుణలేనివారు గాని కారని ఉపాధ్యాయుడు చెప్పవలెను. చూలుజంతువును వదలిన ఆ తొలివేటను మొదట చెప్పవలెను. కొండవాలున బాణమేల మీదుగా పోవునో నల్లబల్లమీద గీచి చూపవలెను. ఎక్కుపెట్టిన బాణమును దింపుకొనుట ఎప్పుడో అడుగవలెను. ఆ పిమ్మట కన్నుకథ చెప్పినచో, అది ఎవరి కన్నో, దాని వెల యెంతయో, పిల్లలు తామే గ్రహింతురు.